కుర్చీలు పూసిన వేసవి

హైమవతి తయారుచేసిన వెదురంతా చచ్చిపోయింది. నాలుగు లక్షల ఇళ్లలో, ఒకే నెలలో, ముందు పూసి తర్వాత చచ్చిపోయింది.

కుర్చీలు పూశాయి. కూర తరిగే పీటలు, దువ్వెనలు, గోడ అరలు, పిల్లల ఊయలలు అన్నీ గణుపు గణుపుకీ గోధుమరంగు కంకులు వేశాయి. విశాఖపట్నంలో ఆ సరుకు అమ్మిన సంస్థ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"మా దువ్వెన పూసిందండీ. తల దువ్వుకోమంటారా, దండం పెట్టుకోమంటారా?" అని సీతమ్మధార నుంచి ఒకావిడ అడిగింది.

"రెండూ వద్దు. కింద గుడ్డ పరచండి, గింజలు రాలతాయి" అంది డాక్టర్ హైమవతి. సంస్థలో ప్రధాన శాస్త్రవేత్త ఆమె. ఆ రోజు ఫోన్లు కూడా ఆమే ఎత్తుతోంది, మిగతావాళ్లు సెలవు పెట్టేశారు కాబట్టి.

మామూలు వెదురు నరికితే చచ్చిపోతుంది. మనం వాడే చాట, తట్ట, గంప అన్నీ చచ్చిన వెదురువే. హైమవతి వెదురు అలా కాదు. బద్దల లోపల వెంట్రుకంత సన్నని జెల్ గొట్టాలు అమర్చి, నరికిన తర్వాత కూడా కణాలు బతికి ఉండేలా చేసింది. వారానికొకసారి నీళ్లు చిలకరిస్తే చాలు. పీట మీద కత్తిగాటు పది రోజుల్లో పూడుకుపోయేది. విరిగిన కుర్చీకాలు గుడ్డతో బిగించి కడితే అతుక్కునేది. ఆరేళ్లలో ఊళ్లోంచి ప్లాస్టిక్ కుర్చీ మాయమైంది. నీళ్ల సంగతి గుర్తుచేయడానికి ప్రతి శనివారం హైమవతి గొంతుతోనే ఇంటింటికీ ఒక వాయిస్ మెసేజ్ వెళ్లేది.

ఇంత సరుకుకీ తల్లి ఒకే ఒక పొద. పార్వతీపురం దగ్గర కొండమీద దొరికింది. టిష్యూ కల్చర్‌తో దాని ముక్కలను సీసాల్లో మొలిపించి లక్షల మొక్కలు తీశారు. చుట్టుపక్కల పాత పొదలన్నీ కొట్టేసి ఆ కొండల నిండా వాటినే నాటారు. ఇప్పుడు అక్కడా వెదురు పూసి ఎండిపోయింది. రాలిన గింజలను ఎలుకలు మిగల్చలేదు.

ఆ కొండ కింద మేదరవీధి నుంచి గవరమ్మ బస్సెక్కి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లుగా చాటలు అల్లిన చేతులు. ఆ తల్లి పొదను హైమవతికి చూపించింది ఆవిడే.

"ఆ రోజే సెప్పినాను గదమ్మా" అంది గవరమ్మ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

చెప్పింది నిజమే. ఆ వెదురు నలభై ఏళ్లు దాటాక ఒక్కసారే పూసి చచ్చిపోతుంది, ఒక తల్లి పిలకలైతే ఎక్కడున్నా అన్నీ ఒకేసారి. వెదురు పూసిన ఏడాది వాళ్ల వీధిలో పుట్టిన ఆడపిల్లకు పూతమ్మ అని పేరు పెడతారు. ఇక ఆ పిల్ల వయసే పొద వయసు. పూతమ్మకు నలభై దగ్గరపడుతోందంటే ఆ పొదను నమ్ముకోరు, గింజ దాచుకోవడానికి కుండలు సిద్ధం చేసుకుంటారు. "ఇది వద్దమ్మా, మా పూతమ్మకి ముప్పై ఎనిమిది నిండినాయి" అని గవరమ్మ అప్పుడే అంది. హైమవతి నవ్వి, ఫారంలో మొక్క వయసు అన్నచోట సున్నా వేసింది. ల్యాబ్ పద్ధతి అది. సీసాలోంచి మొలక బయటికి తీసిన రోజే పుట్టినరోజు.

"సీసా కొత్తదైతే వయసు కొత్తదవుద్దా? నన్ను కొత్త కొంపలో దింపితే పసిపాపనైపోతానా?" అని ఇప్పుడు నిలదీసింది గవరమ్మ.

"అవవు. నాదే తప్పు" అంది హైమవతి.

గవరమ్మ ఈ మాట కోసం సిద్ధపడి రాలేదు. కుర్చీలో కూర్చుంది. "తప్పు ఎవులిదైతే ఏటి. మాకు గింజలు కావాల. కొండమీద ఒక్కటి లేదు. మీ కుర్చీల కింద రాలిందే మిగిలింది. అది పోతే మా వీధిలో ఎదురు కత్తి పట్టీవోడుండడు."

అప్పుడే డైరెక్టర్ ఉమాపతి కాగితాలతో లోపలికొచ్చాడు. "మేడమ్, రెండు సంతకాలు. వినియోగదారులు నీళ్లు ఎక్కువ పోయడంవల్ల పూత వచ్చిందని రిపోర్టు ఒకటి. సరుకు, గింజలు మొత్తం వెనక్కి తెప్పించి కాల్చేయాలన్న ఉత్తర్వు రెండోది. వచ్చే ఏడాది పూత జీన్ తీసేసిన కొత్త రకం వదులుదాం."

"పూత లేకపోతే గింజ ఉండదు."

"ఉండదు. మొక్క కావాలంటే మన దగ్గరికే రావాలి. మంచిదేగా?"

"ఎవరికి?"

ఉమాపతి గవరమ్మ వైపు చూశాడు. "ఈవిడెవరు?"

"ఈ వెదురు వయసు తెలిసిన మనిషి."

"బాబూ, నీకెన్నేళ్లు?" అని గవరమ్మ అడిగింది.

"యాభై రెండు. ఎందుకు?"

"ఏం లేదు. నీక్కూడా సీసా మార్చీసినారేమోనని."

హైమవతి కాగితాలు వెనక్కి తోసింది. ఆ రోజు శనివారం. నీళ్ల మెసేజ్ పంపే మైకు ఆమె బల్ల మీదే ఉంది. ఉమాపతి ఇంకా గుమ్మంలో ఉండగానే ఆన్ చేసింది.

"నేను హైమవతిని. ఈ వారం నీళ్లు పోయక్కర్లేదు. మీ కుర్చీ చచ్చిపోయింది. మీ నీళ్లవల్ల కాదు. ముసలి పొదను పట్టుకుని పసిదని నేను రాశాను, అందువల్ల. రాలిన గింజలు మా మనుషులొచ్చి అడిగితే ఇవ్వకండి. గుప్పెడు మీ వాకిట్లో చల్లండి. మిగిలినవి పార్వతీపురం మేదరవీధికి, గవరమ్మ పేరున బస్సు పార్శిల్ చేయండి."

సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది. మర్నాటి నుంచి బస్టాండులో పార్శిళ్లు దిగడం మొదలైంది. మందు డబ్బాల్లో, పాల కవర్లలో, ఒకరైతే పిల్లాడి మేజోడులో మూట కట్టి పంపారు. వానలు పడ్డాక కొండ మళ్లీ పచ్చబడింది. నగరంలో మురుగు కాలవల పక్కన, అపార్ట్‌మెంట్ల వెనక, గోడ పగుళ్లలో కూడా వెదురు లేచింది. ఎవరూ పేటెంటు తీసుకోలేని మామూలు వెదురు. కోస్తే చచ్చేది, అతుక్కోనిది. జనం మళ్లీ చచ్చిన కుర్చీలే కొంటున్నారు. విరిగితే మేదరవీధికి పంపిస్తున్నారు.

సంస్థ వదిలిన కొత్త రకం కొండమీద బతకలేదు. నాలుగో ఏట ఉమాపతి హైమవతికి ఫోన్ చేశాడు.

"తిరిగి వచ్చేయండి మేడమ్. జనం మీ గొంతునే నమ్ముతారు. ఆ శనివారం మెసేజ్ తొందరపాటులో పంపానని ఒక్క వాక్యం రికార్డు చేయండి చాలు."

"సున్నా వేసింది తొందరపాటు. అది ఒప్పుకున్నాను. మెసేజ్ ఆలోచించే పంపాను."

అతను తర్వాత మరో మూడుసార్లు అడిగాడు, ఒకసారి స్వయంగా ఇంటికే వచ్చి. ఆ వాక్యం ఆమె చెప్పలేదు.