నాయినమ్మ నల్లమందు డబ్బీ

పొద్దున్నే గూట్లో చేయి పెట్టి తడిమింది మాణిక్యమ్మ. దీపపు బుడ్డి ఉంది, దువ్వెన ఉంది, ఇత్తడి డబ్బీ లేదు. అందులోంచి కందిగింజంత నల్లమందు నోట్లో వేసుకుని వేడినీళ్లు తాగితేగాని ఆమెకు తెల్లవారదు. నలభై ఏండ్లుగా అదే వరస.

"యశోదా, నా డబ్బీ జూసినవా?"

"నాకెందుకత్తా నీ డబ్బీ? గాడనే ఉంటది, సూడు," అంది కోడలు పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

చూసింది. బియ్యం కుండ వెనక, దుప్పటి మడతల్లో, చివరికి కోళ్ల గంప కింద కూడా చూసింది. మనవరాలు శ్యామల అప్పటికే బడికి వెళ్లిపోయింది. పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటింది. రజాకార్ల భయం పోయింది, దొర గడీకి తాళం పడింది, ఇబ్రహీంపట్నంలో ఆడపిల్లల బడికి మాసూమా పంతులమ్మ వచ్చింది. పద్నాలుగేండ్ల పిల్లకు బడేమిటని మాణిక్యమ్మ అడ్డం పడితే, యశోదమ్మ మూడు రోజులు అన్నం మానేసి మరీ కూతుర్ని పంపింది. మొండితనంలో అత్తకు తగ్గ కోడలు.

మధ్యాహ్నానికి ముసలమ్మకు ఆవలింతలు మొదలయ్యాయి. సాయంత్రానికి కళ్లూ ముక్కూ కారాయి, కాళ్లు పీకాయి. నులక మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే శ్యామల వచ్చి, సంచిలోంచి డబ్బీ తీసి ఆమె పక్కన పెట్టింది.

మాణిక్యమ్మ ముందు గింజ మింగింది, తర్వాతే తిట్టింది. ఏది ముందో ఆమెకు తెలుసు.

"దొంగతనం నేర్పుతున్నదా మీ పంతులమ్మ?"

"లేదు నాయినమ్మా. ఇంట్ల నొప్పికి వాడే మందు తెమ్మన్నది. అందరు ఓమ, శొంఠి, మిరియాలు తెచ్చిన్రు. అన్నిటికన్న గిదే మంచి మందని నేను తీస్కపోయిన." శ్యామల గొంతు తగ్గింది. "పంతులమ్మ అన్నీ ఒక దిక్కు పెట్టింది, గిది ఇంకో దిక్కు పెట్టింది. గిది నొప్పిని తియ్యదట. నొప్పి ఉన్నట్టు తెల్వకుండ జేస్తదట. కొన్నాళ్లకు నొప్పి లేకున్నా గదే గావాలనిపిస్తదట."

"పిల్లలందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్. రేపటి సంది బడి బంద్."

"దాని బడి ముచ్చట ఎత్తకు అత్తా," అంటూ యశోదమ్మ చేతిలో చేట కింద పెట్టింది. పెట్టాక ఆమెకు ఏదో తట్టింది. "అయినా గిది మంచి మందని దీనికెట్ల ఎరుక?"

యశోదమ్మ అత్తను చూసింది, కూతుర్ని చూసింది. అడగక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది.

"ఎన్నాళ్ల సంది ఇస్తున్నవత్తా?"

"నెలనెలా కడుపునొప్పికి మెలికలు తిరుగుతుంటె ఆవగింజంత ఇచ్చిన. ప్రేమతోనే ఇచ్చిన, పగతోని గాదు," అంది మాణిక్యమ్మ. "మా అత్త నాకు గట్లనే ఇచ్చింది. దొర మడిల నాట్లేస్తుంటె కడుపు నొస్తుందని కూసుంటె దొర మనిషి కట్టె తీస్తుండె. వెట్టికి నాగా ఉంటదా? గింజ మింగి వంగితె, పొద్దు గూకేదాక నడుము లేపకపోతుంటి. గిదే నన్ను బతికిచ్చింది."

శ్యామల మంచం పట్టె మీద కూర్చుంది.

"నాయినమ్మా, పోయిన నెల నిన్ను మూడుసార్లు అడిగిన. రెండుసార్లు నాకు నొప్పి లేదు. అబద్ధం జెప్పిన. గిప్పుడు గూడ లేదు. అయినా నువ్వు డబ్బీ మూత తీస్తుంటె నా కండ్లు గాడికే పోయినయ్. పంతులమ్మ చెప్పేది నా గురించే అనిపించి భయమైంది."

యశోదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లేని నొప్పి చెప్పి తన అత్తను అడుక్కున్న రోజులు మాణిక్యమ్మకూ ఉన్నాయి. ఆ సంగతి ఇన్నేండ్లలో ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"దొర వెట్టి బందయింది గాని దీని వెట్టి నాకు బంద్ కాలే," అంది మాణిక్యమ్మ. "నా ఎనక నిన్ను గూడ తెచ్చి నిలబెట్టిన." డబ్బీ తీసి కోడలి చేతిలో పెట్టింది. "ఉంచు యశోదా. దీనికి సూపియ్యకు. నాకు గూడ ఇయ్యకు."

"నీకు ఒక్కసారే బంద్ పెట్టొద్దట నాయినమ్మా," అంది శ్యామల కళ్లు తుడుచుకుంటూ. "ముసలి పానం తట్టుకోదట. దినాం జరంత తగ్గియ్యాలట."

"గట్లనే గానీ. నేను తిట్టినా ఎక్కువ ఇయ్యకు యశోదా."

"నువ్వు తిట్టని దినమేదత్తా?" అంది కోడలు. ఆ ఏడుపులోనే ముగ్గురికీ నవ్వొచ్చింది.

ఆ తర్వాత నాలుగైదు రాత్రులు శ్యామలకు నిద్ర సరిగా పట్టలేదు. తల్లి పక్కనే పడుకుని జోకొట్టింది. మాణిక్యమ్మ తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. డబ్బీ మాత్రం కోడలి రొంటి దాటి బయటికి రాలేదు.

నెల తిరిగింది. వరికోతల పొద్దు. శ్యామల కడుపు పట్టుకుని లేచి, బిందె కోసం చేయి చాచింది. మాణిక్యమ్మ గింజ అప్పటికి సగానికి వచ్చింది, మోకాళ్లు వణుకుతున్నాయి. అయినా పొయ్యిలో ఇటుక కాచి, గుడ్డలో చుట్టి తెచ్చింది.

"నీళ్లు నేను తెస్త. కోతకు మీ అమ్మ పోయింది, చాలు. నువ్వు పండుకో."

ఇటుక వెచ్చదనం కడుపుకు తగులుతుంటే శ్యామల నాయినమ్మ ముఖంలోకి చూసింది. "నాయినమ్మా, నిన్నెవరన్న ఇట్ల పండుకోమన్నరా?"

మాణిక్యమ్మ గుడ్డ సర్దింది. దుప్పటి పాదాల దాకా లాగింది.

"ఎవ్వలనలే బిడ్డా," అంది. "అంటె ఆ గింజతోని నాకేం పని ఉండె?"