పన్నెండు రోజుల పోగు

అచ్చియమ్మ గడప మీద నిలబడి తన పేరు చెప్పింది. ఊరి పేర్లన్నీ దాచే యంత్రం పేరుసాల ఆమెను లెక్కలోకి తీసుకున్నాక హాలులోకి గాలి వచ్చింది. లోపల మనుషులు లేనప్పుడు నిప్పు పుట్టకుండా ఊపిరాడని వాయువు నింపి ఉంచుతారు. పచ్చదీపం వెలిగింది, తలుపు తెరుచుకుంది, ఆమె వెనకే మూసుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. బయటికి పోవాలన్నా మళ్ళీ పేరు చెప్పవలసిందే.

ఆమె చేసే గడికాపరి పని చూడ్డానికి తేలిక. ఊళ్ళోని నాలుగు లక్షల మందికీ పేరుసాలలో తలా ఒక గడి ఉంటుంది. కుళాయి తిప్పినా, బస్సెక్కినా, ఆసుపత్రిలో మంచం అడిగినా ఆ యంత్రాలు పేరుసాలనే అడుగుతాయి. ఉన్నారంటే ఉన్నట్టు, లేరంటే లేనట్టు. ఎదురుగా నిలబడి నేనిక్కడే ఉన్నానని మొత్తుకున్నా కుళాయికి చెవులుండవు.

హాలుకు ఒక పక్క మందపాటి అద్దం. అవతల నుంచి జనం మాటపెట్టెలో మాట్లాడతారు. ఆ ఉదయం మొదట వచ్చినావిడ పేరు సన్యాసమ్మ. ముణుగుడుపాలెం సముద్రంలో కలిసిపోయాక ఊళ్ళోకి వచ్చినవాళ్ళలో ఒకతి.

"మనవరాలు పుట్టిందమ్మా. తొమ్మిది దినాలైనాది. నెలలు నిండనేదని వెచ్చపెట్టెలో ఎట్టినారు. పేరెక్కించుకోమన్నారు."

"ఏం పేరమ్మా?"

"గౌరీసు. ఆళ్ళ తాత పేరు గౌరీసే. నిన్న ఏలు పట్టుకున్నాది, వదిల్తే ఒట్టు."

అచ్చియమ్మ నవ్వుతూ, పుట్టిన రోజే ఆ పిల్లకు కేటాయించిన గడి తెరిచింది. తెరిచి, నవ్వు ఆపేసింది. ఆ గడి పన్నెండు రోజుల కిందటి వరకూ ఒక ముసలాయనది. ఆయన భార్య గడి నుంచి దానికి, ఒకింటివాళ్ళను కలిపే పోగు ఇంకా వేలాడుతోంది. పన్నెండో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, పోయినవాళ్ళ ఆనవాళ్ళు చెరిపే తుడుపు ఆ పోగు పట్టుకుని పోయి, చివర ఏ గడి ఉంటే దాన్ని తుడిచేస్తుంది. అప్పటికి పదిన్నర అయింది.

ఆ పోగును ఐదేళ్ళ కిందట అల్లింది అచ్చియమ్మే. తన భర్త పోయిన మూడోనాడు ఇంటికి వెళితే, రోజూ ఇద్దరి పేర్లూ పలికే తలుపు ఒక్క పేరే పలికింది. ఆమె ఆ గడప మీదే కూలబడి ఏడ్చింది. దినం అయ్యేదాకా అయినా మనిషి పేరు ఇంట్లో ఉండాలని, గడి ఖాళీ చేసినా పోగును పన్నెండు రోజులు ఉంచేలా రాసింది. ఊరంతా చల్లగా ఉండమని దీవించింది. అప్పట్లో ఖాళీ గడులు బోలెడు, ఒకరిది వెంటనే ఇంకొకరికి ఇచ్చే అవసరం లేదు. తీరం మునిగి జనం వచ్చిపడ్డాక పైకార్యాలయం ఖాళీ అయిన గడిని అప్పటికప్పుడే కొత్తవాళ్ళకు ఇవ్వమంది. పోగు సంగతి ఎవరూ తలుచుకోలేదు, అచ్చియమ్మతో సహా. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. అలా బతికుండగానే తుడుచుకుపోయినవాళ్ళు నలభై ముగ్గురు.

"పెట్టెకాడికి పోతాను. పేరెక్కినట్టేనా అమ్మా?" అంది సన్యాసమ్మ.

"ఎక్కింది" అంది అచ్చియమ్మ. ఆవిడ ముఖంలోకి చూడలేకపోయింది.

ఆవిడ వెళ్ళగానే పర్యవేక్షకుడు శ్రీమన్నారాయణను అద్దం దగ్గరికి పిలిచింది. ఆయన గది అద్దానికి ఆనుకునే ఉంటుంది. గోడకు ఎర్రమీట. అది లాగితే పేరుసాల ఆగిపోతుంది, హాలు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

"మీట లాగండి సార్. ఒక్క గంట ఇస్తే పోగులన్నీ తీసేస్తాను."

"గంటసేపు ఊళ్ళో చుక్క నీళ్ళు రావు. పైవాళ్ళు నా తోలు తీస్తారు."

"పేరుసాల మూగబోతే వెచ్చపెట్టెలు పాత జవాబు పట్టుకుని పూటంతా నడుస్తాయండి. 'లేరు' అంటేనే ఆగుతాయి. పన్నెండుకి ఆ పిల్ల లేదని చెప్పబోతున్నాం."

"మళ్ళీ నమోదు చేసుకోమను."

"తొంభై రోజులు పడుతుంది. పావుగంట ఆగదు ఆ పసిగుడ్డు."

శ్రీమన్నారాయణ చెడ్డవాడేమీ కాదు. పిల్లికి కూడా పాలు పోసి ఆఫీసుకు వచ్చే మనిషి. నలభై ముగ్గురి అర్జీలనూ భద్రంగా కట్టగట్టి పైకి పంపాడు, పైవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నారు, ఆయనా ఊరుకున్నాడు. అలాంటి మంచివాళ్ళే ఏ ఊరికైనా ఎక్కువ.

"నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు అచ్చియమ్మా" అని వెళ్ళి కూర్చున్నాడు.

నడుస్తున్న పేరుసాలలో పోగును తెంపడం కుదరదు. ఇంకో గడికి మళ్ళించవచ్చు, అదీ ఆ గడి సొంతదారు సంతకం ఉంటేనే. అచ్చియమ్మ తన దగ్గరున్న సంతకాలన్నీ ఒకసారి మనసులో చూసుకుంది. ఉన్నది ఒక్కటే, తనది. భయమేసింది. భయమేసినా చేతులు మాత్రం అలవాటైన పని అలవాటుగా చేసుకుపోయాయి. తర్వాత కాగితం మీద నలభై మూడు పేర్లు రాసింది. ఒక్కటీ చూసి రాయవలసిన అవసరం రాలేదు. పన్నెండులోపు పేరు చెప్పి బయటికి పోవచ్చు, పోలేదు.

పన్నెండయింది. వెచ్చపెట్టె గౌరీసును అడిగింది, పేరుసాల ఉందని చెప్పింది. ఆ వరుస తెర మీద చూశాకే అచ్చియమ్మ ఊపిరి వదిలింది. అంతలో హాలులో దీపాలు ఆరిపోయాయి. లోపల ఎవరూ లేరు కాబట్టి వాయువు బుస్సుమంటూ రావడం మొదలైంది. తలుపు దగ్గరికి పోయి పేరు చెప్పింది. పేరుసాల లేరంది.

శ్రీమన్నారాయణ అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావు తల్లీ?"

"పోగు నా వైపు తిప్పుకున్నానండి. నేనల్లిందే కదా."

ఆయన ఫోనెత్తి పైకార్యాలయాన్ని పిలిచాడు. అవతలి గొంతు మాటపెట్టెలోంచి ఆమెకూ వినిపించింది, తాపీగా, మర్యాదగా.

"హాలు ఖాళీగా ఉందనే చూపిస్తోందండి. ఎవరి కోసం ఆపమంటారు?"

"నా ఎదురుగా ఉందయ్యా మనిషి."

"పేరు చెప్పండి, చూస్తాను."

శ్రీమన్నారాయణ చెప్పాడు. కాసేపటికి జవాబు వచ్చింది. "అలాంటివారు ఎవరూ లేరండి."

అచ్చియమ్మకు తల తిరుగుతోంది. చేతిలోని కాగితాన్ని అద్దానికి ఆనించి, పేర్లు ఆయన వైపు ఉండేలా పట్టుకుంది. ఏమీ అడగలేదు. శ్రీమన్నారాయణ మొదటి పేరు చదివాడు, రెండోది చదివాడు, మూడోదాని దగ్గర ఆయన పెదవులు ఆగిపోయాయి. ఫోనులో "హలో, ఉన్నారా అండీ?" అంటున్నారు.

ఆయన ఫోను కింద పెట్టి మీట ఉన్న గోడ దగ్గరికి నడిచాడు.

ఊళ్ళో మొదట కుళాయిలు ఆగాయి. బిందెలు పట్టుకున్నవాళ్ళు పేర్లు చెప్పారు, మళ్ళీ గట్టిగా చెప్పారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరంతటిలో ఆశ్చర్యపోనివాళ్ళు నలభై ముగ్గురే.