వేడినీళ్లలో ఉతికిన స్వెటర్

గురువారం వచ్చిందంటే చాలు, లయల్‌కు పొద్దున్నే ఒళ్లు మండేది. మిగతా రోజుల్లో అతని భార్య నోలీన్ ఓట్స్ జావ కాచి, రేడియోలో వాతావరణం విని, "ఇవాళా మంచేనట" అని ఊరుకునేది. గురువారం మాత్రం చీకటితోనే లేచి, కూనిరాగం తీస్తూ చీజ్ రోల్స్ చుట్టి ఓవెన్‌లో పెట్టేది. ఇల్లంతా వెన్న వాసన గుప్పుమనేది. ఆ రోజు లయల్ పళ్లెంలోంచి ఒకటి తీయబోయాడు.

"ఆగాగు, ముట్టుకోకు. అవి క్లాసుకి."

"అన్నీనా?"

"నీకు జావ ఉందిగా!"

"పెళ్లైనప్పటి నుంచీ అదే జావ. నీ అల్లిక పిల్లలకేమో చీజ్ రోల్సూ!"

"పిల్లలేంటి నీ మొహం! ఐల్సాకి ఎనభై దాటాయి." నోలీన్ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఐల్సాని తలచుకుని వచ్చింది గానీ తనని చూసి కాదని లయల్‌కు తెలుసు. జావ చప్పగా ఉందని సగం వదిలేశాడు.

లయల్ అంటే గొర్రెల మందలకు పేరుపడ్డ ఆ సౌత్‌లాండ్ సీమలో తెలియని రైతు లేడు. గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని చిన్న గాటు కూడా పడకుండా ఒంటి మీది ఉన్ని అంతా ఒకే దుప్పటిలా కత్తిరించి తీసేవాడు. సీజన్ మొదలైతే ఉన్ని కత్తిరించే ముఠాతో కలిసి ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి తిరుగుతూ నెలల తరబడి ఇంటి మొహం చూసేవాడు కాదు. చివరికి నడుం మొరాయించి, పోయినేడాది ఇంటికి చేరాడు. ఇక నోలీనూ తనూ పొయ్యి దగ్గర కూచుని పేకాడుకుంటూ కబుర్లు చెప్పుకుంటామని ఎంతో ఆశపడ్డాడు పాపం. తీరా వచ్చి చూస్తే నోలీన్‌కి తీరిక లేదు. ఊరి హాల్లో అల్లిక క్లాసు పెట్టింది. మొదట ముగ్గురే వచ్చేవారట, ఇప్పుడు కుర్చీలు చాలడం లేదట.

వాళ్లందరిలోకీ లయల్‌కు అసలు పడనిది మరివిక్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పిల్ల. ఆమె మొగుడు రోడెల్ దగ్గర్లోని పాల ఫారంలో ఆవులు పితుకుతాడు. ఇంట్లో పొద్దస్తమానం ఆమె జపమే. మరివిక్ ఇలా అంది, మరివిక్ అలా నవ్వింది, మరివిక్ తెచ్చిన పచ్చడి ఎంత కారమో! ఆ పిల్ల లయల్‌కు చేసిన అపకారం ఏమీ లేదు. అయినా ఆ పేరు వింటే చాలు, అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది.

రోడ్డు మీద మంచు గడ్డకడుతుందని భార్యను హాలు దగ్గర దింపేది అతనే. దింపి వెళ్లిపోవచ్చుగా? అబ్బే, వెళ్లడు. బండిలోనే కూచుని పేపరు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు చూసేవాడు. లోపల నోలీన్ ఎవరో ఒకరి వెనక నిలబడి, రెండు చేతులూ చుట్టూ వేసి, వాళ్ల వేళ్ల మీద తన వేళ్లు పెట్టి సూదులు కదిపిస్తూ కనిపించేది. ఉన్నట్టుండి ఆమె నవ్వు వినిపించేది. తల వెనక్కి వాల్చి, ఊపిరి అందక పక్కవాళ్ల భుజం పట్టుకుని నవ్వే నవ్వు. ఇన్నేళ్ల కాపురంలో తన వంటింట్లో అలాంటి నవ్వు లయల్ ఒక్కనాడూ వినలేదు. పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే, ఇంత మనిషీ అల్లిక క్లాసు మీద కుళ్లుకుంటున్నాడని ఊరంతా నవ్విపోదూ?

ఆ గురువారం క్లాసు అయ్యాక నోలీన్ ఒక ముదురు నీలం స్వెటర్‌ని చేత పట్టుకుని బండెక్కింది.

"చూశావా? మరివిక్ మొదటి స్వెటర్! వాళ్లాయన కోసం అల్లింది. ఒక చెయ్యి మూడుసార్లు విప్పించాను, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పై నెల ఊళ్లో పెట్టే అల్లికల ప్రదర్శనలో దీన్నే ముందు పెడతాం."

క్లాసులో ఎవరు ఏది పూర్తిచేసినా నోలీనే ఇంటికి తెచ్చేది. చల్లటి నీళ్లలో నానబెట్టి, తువ్వాల్లో చుట్టి తడి అద్ది, బల్ల మీద పరిచి ఆకారం సరిచేసి ఆరబెట్టేది. ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పేది కాదు.

"ఇంకో సంగతి. మంగళవారం కూడా క్లాసు పెడుతున్నాం. మరివిక్ సాయం చేస్తానంది," అంది.

"నన్నొక మాట అడగాలని లేదా?"

"నిన్నెందుకు అడగాలి?" అంది నోలీన్. నిజంగానే అర్థం కాక అడిగింది. ఆ అమాయకత్వమే పుండు మీద కారం చల్లింది.

మర్నాడు పొద్దున నోలీన్ బజారుకి వెళ్లింది. స్వెటర్ బేసిన్‌లో నానుతోంది. లయల్ కాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని నీళ్లు పిండి, వాషింగ్ మెషిన్‌లో పడేసి, సబ్బు పొడి పోసి, వేడి మీట చివరిదాకా తిప్పాడు. నీలం చేతులు రెండూ అద్దానికి కొట్టుకుంటూ తిరుగుతుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని చూశాడు. తృప్తిగా ఉంటుందనుకున్నాడు. లేదు.

నోలీన్ వచ్చేసరికి అది బల్ల మీద ఉంది. అట్టకట్టి బిగుసుకుపోయింది. ఐదేళ్ల పిల్లాడికైనా పట్టేలా లేదు.

"నీకు సాయం చేద్దామనే మెషిన్‌లో వేశాను," అన్నాడు లయల్, ఆమె ఏమీ అడగకముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. "ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

నోలీన్ చేతిలో సంచీ కింద పెట్టింది. స్వెటర్ తీసి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టింది.

"నీకు తెలీదా? పెళ్లైన కొత్తలో నీ ఉన్ని బనీను వేడినీళ్లలో ముంచబోతే నా చేతిలో గిన్నె లాక్కుందెవరు? 'ఉన్నికి వేడినీళ్లు తగిలిస్తావా?' అని వీధికి వినబడేలా అరిచిందెవరు? ఉన్ని సంగతి నీకు చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే, లయల్! ఊళ్లో ఇంకే మొగుడు ఈ మాట చెప్పినా నమ్మేదాన్ని. చెప్పు, ఎందుకు చేశావు?"

లయల్ మొహం ఎర్రబడింది. ఇక దాచి లాభం లేదు.

"ఎందుకా? నేనీ ఇంట్లో ఉన్నానో పోయానో నీకు పట్టిందా? నడుం పోగొట్టుకుని నీ దగ్గరికే వచ్చాను. నువ్వేమో నాకు జావ పోసి, వాళ్లకి చీజ్ రోల్స్ మోసుకెళ్తావు. నాతో వాతావరణం మాట్లాడి, వాళ్లతో నవ్వుతావు. ఆ నవ్వు నేను విన్నాను నోలీన్. బండిలో కూచుని విన్నాను. నా ఎదుట ఎప్పుడన్నా అలా నవ్వావా?"

"నవ్వడానికి నువ్వెప్పుడున్నావు?"

గట్టిగా కూడా అనలేదు ఆమె. కుర్చీ లాక్కుని కూచుంది.

"సీజన్ అయ్యాక వచ్చేవాడివి. నీ ముఠా కబుర్లు చెప్పేవాడివి. ఎవడో పొట్టేలు తంతే నీళ్ల తొట్టిలో పడ్డాడని, చెబుతూ చెబుతూనే నీకు నువ్వే పడీ పడీ నవ్వేవాడివి. వాళ్లెవరో నాకు తెలీదు. నీ మొహం చూస్తూ ఊరికే నవ్వేదాన్ని. నేను కుళ్లుకోలేదనుకున్నావా? కుళ్లుకున్నాను! నీ ముఠా మీద కుళ్లుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ గొర్రెల మీద కూడా కుళ్లుకున్నాను. కానీ నీ కత్తెర దాచానా? నీ బ్లేడ్లు మొండి చేశానా? పదును పెట్టించి మరీ నీ సంచీలో సర్దాను. నీకు నీ ముఠా ఉండేది లయల్. నాకిప్పుడు, ఈ వయసులో దొరికింది."

లయల్ బల్ల మీది స్వెటర్‌ని రెండు చేతులా పట్టుకుని సాగదీయబోయాడు, అది సాగలేదు.

"గురువారం నువ్వే లోపలికొచ్చి దీన్ని ఆ పిల్ల చేతిలో పెట్టు. ఎలా జరిగిందో నీ నోటితో చెప్పు. చెప్పలేవా, అయితే నన్ను హాలు దగ్గర దింపు చాలు. తీసుకెళ్లడానికి రానక్కర్లేదు. ఐల్సా ఇంట్లో గది ఖాళీగానే ఉంది."

ఉత్త బెదిరింపు మాటలు నోలీన్‌కి అలవాటు లేదు. అది లయల్‌కు బాగా తెలుసు.

ఆ వారమంతా ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడింది. గురువారం పొద్దున లయల్ లేచేసరికి వంటిల్లు చల్లగా ఉంది. వెన్న వాసన లేదు, కూనిరాగం లేదు. ఇన్నాళ్లూ ఆ రాగం వింటే ఒళ్లు మండేది, ఇవాళ అది లేకపోతే గుండె జారిపోయింది. స్వెటర్‌ను కోటు కింద పెట్టుకుని బండి తీశాడు.

నోలీన్ వెనకే హాల్లో అతను అడుగు పెట్టగానే మరివిక్ లేచి ఎదురొచ్చింది.

"రండన్నా, రండి! ఎప్పుడూ బయట చలిలోనే కూచుంటారు మీరు." కుర్చీ వేసి, టీ కలిపి చేతికిచ్చింది. "రెండు చెంచాలు చక్కెర. అక్క చెప్పింది."

లయల్ ఆ కప్పు పక్కన పెట్టాడు. ఒక్క అబద్ధం చాలు. 'పొరపాటున వేడినీళ్లలో పడింది తల్లీ' అంటే ఈ పిల్ల నమ్ముతుంది. ఓదారుస్తుంది కూడా. అతను నోలీన్ వైపు చూశాడు. ఆమె ఒళ్లోని ఉన్ని ఉండనే చూసుకుంటూ కూచుంది.

కోటు కిందనుంచి స్వెటర్ తీశాడు.

"పొరపాటు కాదమ్మా. వేడినీళ్లలో వేస్తే ఇలా అవుతుందని తెలిసే వేశాను. మీరందరూ ఆవిణ్ణి నవ్విస్తారు. అది నావల్ల కాలేదు. ఓర్వలేకపోయాను. నీ తప్పేం లేదు."

మరివిక్ స్వెటర్ అందుకుంది. దాని చేతిలోకి వేళ్లు దూర్చబోయింది, దూరలేదు. కళ్లలో నీళ్లు నిండాయి.

"మా ఊళ్లో చలంటే ఏంటో తెలీదన్నా. రోడెల్ చీకట్లో ఆవుల దగ్గరికెళ్లి, వేళ్లు కొంకర్లు పోయి తిరిగొస్తాడు. అందుకని అల్లాను."

చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు లయల్‌కు. తల దించుకున్నాడు.

"తిట్టవే పిల్లా, తిట్టు!" అంది మూలనుంచి ఐల్సా. "నేనైతే ఈయన్నే ఆ మెషిన్‌లో వేసి తిప్పేదాన్ని!"

ఎవరో కిసుక్కుమన్నారు. మరివిక్ ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. అతన్ని ఎగాదిగా చూసింది.

"తిడితే రోడెల్‌కి చలి తగ్గుతుందా? మీరే అల్లివ్వండి, అన్నా."

"నేనా?"

"పాడుచేసింది మీరేగా. కొలతలు నేను చెప్తాను."

"ఆ వేళ్లకి సూదులు నిలుస్తాయా?" అంది నోలీన్. లోపలికి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"మీరే కదక్కా అన్నారు, ఈ గడప తొక్కిన ఏ చేతులైనా నేర్చుకుంటాయని?"

నోలీన్ లేచి బీరువాలోంచి అన్నిటికన్నా లావు సూదులు తెచ్చింది. ఐల్సా ఆ కుదించుకుపోయిన స్వెటర్‌ని కెటిల్ పైన మేకుకి తగిలించింది. "కొత్తగా వచ్చేవాళ్లకి మొదటి పాఠం ఇదే," అంది.

నోలీన్ లయల్ వెనక నిలబడింది. రెండు చేతులూ చుట్టూ వేసి, అతని మోటు వేళ్ల మీద తన వేళ్లు పెట్టింది. పొట్టేళ్లను పడగొట్టిన చేతులు ఒక్క పోగు పట్టుకోలేక చెమటలు కక్కుతున్నాయి. ఒక కుట్టు పడింది. ఇంకోటి పడింది. మూడోది జారింది, దాన్ని పట్టుకోబోతే మొదటి రెండూ జారాయి. ఉండ ఒళ్లోంచి దొర్లి, టేబులు కిందికి పోయి ఐల్సా కాళ్లకి చుట్టుకుంది.

"ఇదేంటయ్యా, నన్ను కట్టేసి ఉన్ని తీస్తావా ఏంటి?" అని ఐల్సా కేకపెట్టింది.

నోలీన్ పెదవి కొరికి ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. తల వెనక్కి వాల్చి, ఊపిరి అందక, లయల్ భుజం గట్టిగా పట్టుకుని నవ్వింది. ఇన్నాళ్లూ అద్దం అవతలనుంచి విన్న నవ్వు ఇప్పుడు అతని చెవి పక్కనే ఉంది. లయల్‌కు సూదులు మసకబారాయి. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

నోలీన్ జారిన కుట్లన్నీ ఎత్తి, మళ్లీ సూదికి ఎక్కించి ఇచ్చింది. లయల్ జాగ్రత్తగా రెండు అల్లాడు. మూడోదాన్ని సూది అంచుదాకా తెచ్చి వదిలేశాడు.

"లయల్!" అంది నోలీన్.

"ఊఁ?"

"అది జారలేదు. కావాలనే జార్చావు."

"అవును," అన్నాడు లయల్. "కావాలనే."