ఏ మూల నుంచి మొదలుపెట్టాలి

"కాలు పెట్టకండి!" అని నేను అరిచేసరికే ఆవిడ కాలు పెట్టేసింది. ఒకటి కాదు, రెండూ.

అప్పుడే పరిచిన టైలు ఒక పక్కకి దిగిపోయింది, పక్కది లేచింది. దారం కట్టి గంటసేపు కూర్చోబెట్టిన వరస అది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తలుపు దగ్గర కుర్చీ అడ్డం పెట్టాను కదండీ, కనపడలేదా?"

"కుర్చీ ఉంటే కూర్చోవడానికి అనుకుంటాను గానీ, రావద్దని అనుకుంటానా?" అంది ఆవిడ. చంకలో రిజిస్టరు, చేతిలో చాక్‌పీసుల డబ్బా. "ఇది నా క్లాసు రూము. సోమవారానికల్లా అయిపోతుందన్నారు. ఇవాళ మంగళవారం."

"మీరిలా తొక్కుకుంటూ పోతే వచ్చే మంగళవారం కూడా ఇక్కడే ఉంటాను."

"'పని జరుగుతోంది' అని ఒక కాగితం రాసి అంటించొచ్చు కదా. రాయడం రాదా?"

ఆ మాట అనేసి ఆవిడే నాలుక కరుచుకుంది. నేను టైలు పైకి తీసి, కింద సిమెంటు మళ్లీ సర్దుకున్నాను. నాకు రాయడం వచ్చు. రానివి లెక్కలు.

నాకు ఇరవై ఏడేళ్లు. పదో తరగతిలో అన్నీ పాసై లెక్కల్లో పోయాను. టైల్స్ పనిలో చేరాక ఆ సర్టిఫికెట్‌తో నాకు అవసరం పడలేదు. పదకొండేళ్లు మోకాళ్ల మీదే బతికాను. ఈ ఏడు కుడి మోకాలు మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, "ఇంకో రెండేళ్లు ఇలాగే కూర్చో, ఆ తర్వాత లేచే పని ఉండదు" అన్నాడు. మా కాంట్రాక్టరు మంచి మనిషి. సూపర్‌వైజర్‌గా తీసుకుంటానన్నాడు, కాకపోతే పది పాసై ఉండాలన్నది కంపెనీ రూలు. అంటే నా కాలూ నా కూడూ రెండూ ఆ ఒక్క పేపరు మీద నిలబడ్డాయి.

మా అక్క నాకంటే చురుకు. పొద్దున్నే పెద్దవాళ్లకి చెప్పే ట్యూషన్ ఒకటి వెతికి, నాతో చెప్పకుండానే నా పేరు రాయించేసింది. అడ్రసు చూస్తే నేను టైల్స్ వేసిన ఆ గదే.

సోమవారం ఆరున్నరకి వెళ్లాను. బోర్డు దగ్గర ఆవిడే నిలబడి ఉంది.

"మీరా!" అంది. "ఇవాళ కాలు పెట్టొచ్చా మరి?"

"పెట్టొచ్చు టీచర్. ఆరిపోయింది."

క్లాసంతా నవ్వింది. టీచర్ మాత్రం నవ్వలేదు, బోర్డు వైపు తిరిగింది. తిరిగాక నవ్విందో లేదో నాకు తెలీదు. భుజాలైతే కదిలాయి.

ఆ ట్యూషన్ ఆవిడ నాన్నగారిది. రిటైరైన లెక్కల మాస్టారు. అందరూ పెద్దసారు అంటారు. ముందు గదిలో కూర్చుని పేపర్లు దిద్దుతుంటారు, మాట్లాడేది తక్కువ. పాఠం చెప్పేది టీచరే. నాకంటే ఏడాది చిన్నది. నేను బడిలో చదివిన రోజుల్లో మాస్టార్లు "అర్థమైందా?" అని అడిగేవాళ్లు, మేము తలలూపేవాళ్లం. ఈవిడ అలా అడగదు. "ఎక్కడ ఆగిపోయారు?" అంటుంది. ఆగిపోవడం అందరికీ మామూలే అన్నట్టు అడుగుతుంది. ఆ ప్రశ్నకే నేను పడిపోయాను. వారం తిరిగేసరికి అలారం మోగకముందే లేస్తున్నాను. అక్క నన్ను వింతగా చూసి, "లెక్కలంటే ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందిరా?" అంది. లెక్కలని నేనన్నానా?

ఒకరోజు వాన. రేకుల కప్పు మీద ఆ మోతకి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. టీచర్ బోర్డు మీద "వాన తగ్గేదాకా ఆగుదామా?" అని రాసింది. నేను లేచి వెళ్లి దాని కింద "తగ్గకపోయినా పర్లేదు" అని రాశాను. ఆవిడ దాన్ని చెరిపి లెక్క ఇచ్చింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇలా సాఫీగా సాగుతుండగా కోఆర్డినేట్ జామెట్రీ వచ్చి పడింది.

టీచర్ టెస్టు పెట్టింది. పన్నెండు లెక్కలు. రెండు బిందువుల మధ్య దూరం నాలుగు, మధ్య బిందువు నాలుగు, గీత వాలు నాలుగు. నాకు ఫార్ములాలు తలకెక్కవు. గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకుని, గళ్లు లెక్కపెట్టి జవాబులు రాసేశాను. మర్నాడు టీచర్ నా పేపరు పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది.

"దూరాలన్నీ కరెక్టు. మధ్య బిందువులన్నీ కరెక్టు. ఒక్కదానికీ స్టెప్పుల్లేవు. ఎలా వచ్చాయి?"

"గీసి లెక్కపెట్టాను టీచర్."

"ఇక్కడ దూరం ఐదు అని రాశారు. ఏటవాలు గీతని గళ్లతో ఎలా లెక్కపెట్టారు?"

"అటు మూడు, ఇటు నాలుగు ఉంటే ఏటవాలుగా ఐదే కదా. గోడలు సరిగ్గా కలిశాయో లేదో మేము అలాగే చూస్తాం."

"అంత వచ్చిన మనిషికి వాలు ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదేం? ప్లస్ ఉండాల్సిన చోట మైనస్, మైనస్ ఉండాల్సిన చోట ప్లస్." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "నిజం చెప్పండి. మొదటి ఎనిమిదీ పక్కన చూసి రాశారా?"

నా పక్కన కూర్చునేది బేకరీ ఆయన. పాపం ఆయన తలదించుకున్నాడు. చిన్నప్పుడు తిట్లు తిన్నాను గానీ దొంగ అనిపించుకోలేదు. అందులోనూ ఈవిడ నోట వినడం నాకు మరీ కష్టంగా ఉంది. పుస్తకం తీసుకుని బయటికి వచ్చేశాను.

మూడు రోజులు క్లాసుకి పోలేదు. పరీక్షకి మూడు వారాలుంది. అక్క ఊరుకుంటుందా?

"నీ రోషం తీసి మోకాలికి కట్టుకో, నొప్పి తగ్గుతుందేమో!" అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, మూడో అంతస్తులో ఒక ఫ్లాటు హాల్లో టైల్స్ వేస్తున్నాను. గుమ్మం అవతల చెప్పుల చప్పుడైంది. టీచర్. అక్క అడ్రసు ఇచ్చిందట. గడప దాటలేదు. చేతిలో నా టెస్టు పేపరు.

"బేకరీ ఆయనకి పన్నెండుకి సున్నా వచ్చింది" అంది. "ఆయన్ని చూసి రాస్తే మీకు ఎనిమిది రావు. ఆ మాత్రం ఆలోచన నాకు మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. తప్పు నాది. అందరి ముందూ అన్నాను కాబట్టి రేపు అందరి ముందూ ఒప్పుకుంటాను."

"మెట్లెక్కి వచ్చారు, మంచినీళ్లు తాగుతారా?" అన్నాను.

"ముందు ఇది చెప్పండి. మీ బొమ్మలో సున్నా ఎక్కడ?"

లేచి వెళ్లి చూపించాను. కాగితం పైన, ఎడమ మూల.

"అక్కడెందుకు?"

"ఇంకెక్కడ ఉంటుంది? ఈ హాలు చూడండి. తలుపుకి ఎదురుగా, అదిగో ఆ దూరపు మూలలో మొదటి టైలు పడుతుంది. అక్కడి నుంచి వరస వరసా వేసుకుంటూ తలుపు దగ్గరికి వెనక్కి వస్తాం. కాగితం మీద గీస్తే తలుపు కింద ఉంటుంది, మొదటి మూల పైన ఉంటుంది. అక్కడి నుంచి కుడికి ఇన్ని, కిందికి ఇన్ని."

టీచర్ పేపరు వైపు చూసింది, హాలు వైపు చూసింది, మళ్లీ పేపరు వైపు చూసింది. తర్వాత గడప మీదే కూలబడి పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"అందుకే దూరం మారలేదు, మధ్య బిందువూ మారలేదు. వాలు ఒక్కటే తిరగబడింది. మేము వై విలువని పైకి లెక్కపెడతాం, మీరు కిందికి లెక్కపెట్టారు. మాకు ఎక్కే గీత మీకు దిగింది, ప్లస్ కాస్తా మైనస్ అయింది. నాలుగింటిలోనూ అంకెలు సరిగ్గానే ఉన్నాయి, గుర్తు ఒక్కటే తేడా."

"మరి బళ్లో సున్నా ఎక్కడ పెడతారు?"

"తలుపు పక్కన, ఎడమ మూల."

"తలుపు దగ్గర మొదలుపెడితే మేస్త్రి బయటికెలా వస్తాడు టీచర్? పచ్చి టైల్స్ అవతల ఇరుక్కుపోడూ?"

"కాగితం మీద ఎవరూ ఇరుక్కోరు."

"ఈ పద్ధతి కనిపెట్టినాయన జన్మలో ఒక్క గదికైనా టైల్స్ వేసి ఉండడు" అన్నాను. ఆవిడ మళ్లీ నవ్వింది.

అన్నట్టుగానే మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకుంది. ఆ రోజు నుంచి క్లాసయ్యాక నన్ను ఇంకో పావుగంట కూర్చోబెట్టేది. "గళ్ల కాగితం తీయగానే కింద ఒక తలుపు గీయండి. సున్నా దాని పక్కనే పెట్టండి" అనేది. వినడానికి సులువుగానే ఉంది, చెయ్యి మాట వింటేగా! పదకొండేళ్ల అలవాటు. తలుపు గీయడం మర్చిపోతే చాలు, పెన్సిలు నేరుగా పై మూలకి పోయేది.

పరీక్ష ముందు రోజు అందరూ వెళ్లిపోయాక ఆగాను.

"టీచర్, ఒక డౌటు."

"అడగండి."

"మీకు నేనంటే ఇష్టమా?"

బోర్డు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏ చాప్టర్లోది?"

"సిలబస్‌లో లేదు టీచర్."

ఆవిడ డస్టరు పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, నా వైపు తిరిగింది. "స్టూడెంట్‌కి ఇలాంటి డౌట్లు నేను తీర్చను. ఇది నా రూలు. పాసైతే మీరు నా స్టూడెంట్ కారు. అప్పుడొచ్చి అడగండి."

అసలే మోకాలి బరువంతా ఆ పేపరు మీద ఉంది. ఇప్పుడు ఇది కూడా.

పరీక్ష బాగానే రాస్తున్నాను. చివరికి వచ్చేసరికి పది నిమిషాలే మిగిలాయి. మూడు బిందువులిచ్చి, త్రిభుజంలో లంబకోణం ఉందని వాలులతో రుజువు చేయమన్నారు. కంగారులో గీసేశాను. ఒక వాలు మైనస్ అర, ఇంకో వాలు రెండు వచ్చాయి. గుణిస్తే మైనస్ ఒకటి. లంబకోణమే! సంబరంగా పేపరిచ్చి మెట్లు దిగుతుంటే, మూడో మెట్టు మీద గుర్తొచ్చింది. తలుపు గీయలేదు.

టీచర్‌కి చెబితే ఆవిడ అక్కడికక్కడే లెక్కవేసింది. "రెండు గుర్తులూ కలిసి తిరగబడితే గుణించింది మారదు. రుజువు నిలబడుతుంది. స్టెప్పులు మాత్రం తప్పు. దిద్దేవాళ్లని బట్టి ఉంటుంది."

రిజల్టు నెల తర్వాత వచ్చింది. ముప్పై మూడు. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి.

అక్క ఫోను చూసి పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కాంట్రాక్టరుని కలిశాను. సప్లిమెంటరీ దాకా ఆగుతానన్నాడు, అప్పటిదాకా కింద కూర్చోకుండా గుర్తులు పెట్టే పని చూసుకోమన్నాడు. ఇక మిగిలింది టీచర్. ముఖం చాటేద్దామనిపించింది, కానీ ఆవిడకి వేరేవాళ్ల ద్వారా తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. వెళ్లాను.

ముందు గదిలో పెద్దసారు పేపర్లు దిద్దుతున్నారు. టీచర్ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ముప్పై మూడు" అన్నాను.

"చూశాను."

"డౌటు అడగడానికి రాలేదు టీచర్. అడిగే హక్కు నాకింకా రాలేదు. చెప్పి పోదామని వచ్చాను."

ఆ మాటలు ఇంటి దగ్గర నాలుగైదుసార్లు అనుకుని వచ్చాను. అనేసి వెనక్కి తిరిగాను.

"కూర్చోండి" అంది టీచర్. "మీరు అడగకూడదు, నిజమే. పాసయ్యేదాకా అడగకూడదు. రూలు మార్చను. కానీ ఆ రూలు మీకు పెట్టింది. నాకు కాదు."

పెద్దసారు చేతిలో పెన్ను ఆగింది.

"నాకు మీరంటే ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

నా చెవులని నేను నమ్మలేదు. సంతోషంతో కళ్లు తిరిగినంత పనైంది. నోట్లోంచి మాత్రం "మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు టీచర్" అన్న మాట వచ్చింది.

"ఉంటే ఉండనీ. నాన్నకి నిన్ననే చెప్పేశాను."

"నిన్న రిజల్టు రాలేదు కదా?"

"రాలేదు. అందుకే నిన్న చెప్పాను. పాసైతే చేసుకుంటాను, ఫెయిలైతే మానేస్తాను అని మీరు గానీ నాన్న గానీ అనుకోకూడదని."

నేను కుర్చీలో కూలబడ్డాను. కళ్లు తుడుచుకుంటే చూస్తారని తుడుచుకోలేదు.

పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆదివారం మీ అక్కగారిని తీసుకురా బాబూ, మాట్లాడుకుందాం. సప్లిమెంటరీకి నలభై రోజులుంది. వాలు రేపటి నుంచి నేను చెప్తాను."

"నాన్నా, నేను చెప్తాను కదా!"

"నువ్వు చెబితే ముప్పై మూడు వచ్చాయి."

టీచర్ మూతి ముడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "అడిగినదానికి జవాబు రాలేదు."

"చేసుకుంటాను" అన్నాను.

"గట్టిగా చెప్పండి. నాన్నకి సరిగ్గా వినపడదు."

"చేసుకుంటానండీ!"

"వినపడింది, వినపడింది" అన్నారు పెద్దసారు, మళ్లీ కళ్లజోడు పెట్టుకుంటూ. "వెళ్లి పుస్తకం తెచ్చుకో."