పేజీలో మిగిలిన సగం

2083లో విశాఖ రైళ్లలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. ప్రతివాళ్ల చెవి వెనకా కందిగింజంత వాక్‌మణి ఉంటుంది. నాలుక చివరి దాకా వచ్చిన మాటను అది ఎదుటివాళ్ల మణికి అందిస్తుంది.

మొదట్లో ఒక చిక్కుండేది. మాటలు చేరేది మణి లోపలి గర్భస్మృతిలో, అంటే కెర్నెల్ మెమరీలో. బయటి ప్రోగ్రాములకు అక్కడ ప్రవేశం లేదు. డ్రైవర్ అనే లోపలి ప్రోగ్రాము ఒక్కో మాటకూ నకలు తీసి బయటికిచ్చేసరికి ఆలస్యమయ్యేది. మణిని తయారుచేసే సంస్థలో ఇంజనీరు దమయంతి ఆ నకళ్ల గొడవే తీసేసింది. గర్భస్మృతిలోని ఒక పేజీకి, అంటే ఒక ముక్కకు, కిటికీ పెట్టి, ఎదుటివాళ్ల మణిని నేరుగా చూసుకోమంది. ఆర్నెల్లుగా జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు.

ఆ సోమవారం సహోద్యోగి బషీర్ ఆమె టేబుల్ దగ్గరికొచ్చాడు.

"మేడమ్, కిటికీ తెరిస్తే పేజీ మొత్తం కనిపిస్తాది కదండి. మాటలకి సగం చాలు. మిగతా సగం తుడుస్తున్నామా?"

దమయంతి తుడవలేదు. వేగం ధ్యాసలో పడి ఆ ఒక్క పనీ మరిచిపోయింది. "అందులో ఏముంది?"

"అనబోయి మింగేసిన మాటలండి."

ఆమెకు ముందు గుర్తొచ్చింది భర్త సోమసుందరం. రోజూ అతని ఎదుట అన్నం తింటూ ఆమె ఒక మాట మింగేస్తోంది. నీతో ఇక ఉండలేను, వెళ్లిపోతాను. అది అతనికి తెలిస్తే ఎలా?

మధ్యాహ్నానికల్లా దిద్దుబాటు సిద్ధం చేసింది. మణి ఒంట్లో భాగం కనుక, మార్పు చేయాలంటే ధరించినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. జరిగిన తప్పు దాచకుండా చెప్పి, కిటికీ మూయమంటారా అని అందర్నీ అడిగింది. గగ్గోలు పెడతారనుకుంది.

గంటలో నూటికి తొంభైమంది వద్దన్నారు.

బషీర్ పాత నమోదులు తిరగేశాడు. "వీళ్లకిది కొత్త కాదండి. ఆర్నెల్లుగా చూస్తానే ఉన్నారు. ఎవరికి వాళ్లు తమకే తెలుసనుకుని, ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు."

వద్దన్నవాళ్లలో సోమసుందరం పేరుంది. అతను మొదటి వారం నుంచీ ఆమె పేజీ చూస్తున్నాడు.

ఇంటికెళ్లేసరికి అతను కంచాలు పెడుతున్నాడు. "రా, పప్పు చల్లారిపోతోంది," అన్నాడు ఎప్పటిలాగే మెత్తగా.

దమయంతి కూర్చుంది. మొదటిసారి అతని పేజీలో మిగిలిన సగం తెరిచింది. పైనుంచి కిందిదాకా ఒకటే మాట ఉంది. పోనివ్వను.

గొంతుదాకా వచ్చిన కేకను ఆమె మింగేసింది.

"అరవకు," అన్నాడు సోమసుందరం, పప్పు వడ్డిస్తూ.