సింగన్న కోసం చూసిన నగరం

"కళ్లు మూసుకుని రాజధానిని తలుచుకోండి," అంది డాక్టర్ కుముదిని.

సవర బోడెమ్మ తల మీద హెల్మెట్ సన్నగా గుయ్‌మంది. ఆ యంత్రం పేరు మనోముద్ర. కంటికి కనపడ్డదంతా మనసులో నిలవదు కదా. నిలిచినదాన్ని తలుచుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాలను పట్టుకుని అది స్క్రీన్ మీద బొమ్మలుగా చూపిస్తుంది. వాటిలో రాజధాని ఎంత ఉందో చూసి ఏకతా స్కోరు ఇస్తుంది.

కొండల్లో ఉండేవాళ్లు నగరాన్ని చూస్తే తమదే అనుకుంటారని ప్రభుత్వం నమ్మకం. అందుకే నగరమంతా తిప్పే ఉచిత రైలు, ఉచిత భోజనం. స్కోరు తక్కువైతే మాత్రం ఇంటికి పంపరు, మళ్లీ మొదటినుంచి తిప్పుతారు. సర్కారుకు ప్రేమ పుడితే అలాగే ఉంటుంది.

బోడెమ్మ భయమంతా అదే. భర్త సింగన్న ఈమధ్యే పోయాడు. వచ్చే పున్నమికి అతని పేరున ఇంటి గోడ మీద బొమ్మలు రాయాలి.

స్క్రీన్ మీద అసెంబ్లీ కనిపించింది. తర్వాత ఫ్లైఓవర్లు, స్టేషన్ వెనక జామకాయల బండి. అంత స్కోరు అంతవరకూ ఎవరికీ రాలేదు. పరీక్షా కేంద్రం డైరెక్టర్ ఉబ్బితబ్బిబ్బై, ఈమెకు ఇక్కడే క్వార్టర్ ఇచ్చి వచ్చేపోయేవాళ్లకు చూపిద్దామన్నాడు. తక్కువొచ్చినా ఇల్లు లేదు, ఎక్కువొచ్చినా లేదు. బోడెమ్మకు ఏడుపొచ్చింది.

ఇంత శ్రద్ధగా ఎందుకు చూశావని కుముదిని అడిగింది.

"మా ముసిలోడి కోసరం. రైలెక్కాలని ఉబలాటపడి, ఎక్కకుండానే పోనాడు తల్లీ. గోడ మీద రాస్తే ఆడికి అందుతాది. ఆడు సూసేస్తే మరి మాకిక్కడ పన్నేదు."

ఈ మాట కుముదిని రిపోర్టులో రాయలేదు. ఇంటి దగ్గర కూడా పరీక్ష చెయ్యాలని డైరెక్టర్‌కు నచ్చజెప్పి, బోడెమ్మను తనే కొండకు తీసుకెళ్లింది.

పున్నమినాటికి ఎర్రమట్టి గోడ మీద, బియ్యప్పిండి తెలుపులో, రైలు తయారైంది. ఒక కిటికీలో సింగన్న కూర్చున్నాడు. కుముదిని ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. బోడెమ్మకు మాత్రం ఒక వెలితి మిగిలిపోయింది.

"జామకాయల బండి పక్కన సక్రంలాటిదేదో తిరిగింది. అదేటో సూసేలోగా రైలు కదిలిపోనాది. ఆడు అడక్కుండా ఊరుకోడు."

రాజధానిలోనే పుట్టి పెరిగిన కుముదినికీ అదేమిటో తెలియదు. సిగ్గేసింది.

బోడెమ్మను ఇంటి దగ్గరే వదిలి తిరిగొచ్చాక సిబ్బందికి ఏటా జరిగే పరీక్ష జరిగింది. కుముదిని హెల్మెట్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. స్క్రీన్ నిండా ఎర్రగోడ, తెల్లరైలు. రాజధాని ఆనవాలైనా లేదు. రూలు రూలే కాబట్టి డైరెక్టర్ మొహం చిన్నబుచ్చుకుని ఆమె చేతిలో ఉచిత రైలు టికెట్ పెట్టాడు.

రైల్లో గైడ్ అసెంబ్లీని చూపిస్తుంటే ఆమె తలెత్తలేదు. స్టేషన్ దాటుతుండగా మాత్రం కిటికీకి అతుక్కుపోయింది. జామకాయల బండి పక్కన ఒక ముసలాయన కత్తులకు సానపడుతున్నాడు. చక్రం తిరుగుతోంది, నిప్పురవ్వలు రాలుతున్నాయి.

మేడమ్‌కు నగరం మీద మమకారం పుట్టిందని గైడ్ సంతోషించాడు. ఆ నిప్పురవ్వల్ని బియ్యప్పిండితో ఎలా రాస్తారో బోడెమ్మను అడగాలనుకుంటోంది కుముదిని.