అల్లవరం రోడ్డు ఉత్తుత్తి గని

దీపాలు పెట్టే వేళ దాటితే ఆ మట్టిదిబ్బ పక్కనుంచి ఎవరూ వెళ్ళేవారు కాదండి. గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు చుట్టు తిరిగి కాలవ గట్టు మీదనుంచి పోయేవారు. కొబ్బరికాయలు దింపేవాళ్ళయితే పొద్దు వాలకుండానే చెట్లు దిగిపోయేవారు. ఎందుకంటే — ఆ దిబ్బ లోపల్నుంచి చప్పుడు వచ్చేది. ఇనప గొట్టం మీద ఎవరో కొట్టినట్టు. టంగ్… కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టంగ్…

నేను స్వయంగా విన్నానని బొంకను. విన్నవాళ్ళు చెప్పింది చెబుతున్నాను. చెప్పినవాళ్ళు అబద్ధాలాడే రకం కాదు, ఆ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

ముందు ఆ దిబ్బ ఏవిటో చెప్పాలి కదా. అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ ఉండేది. అందులో మైనింగు బ్రాంచి పెట్టేరు. నవ్వకండి! మా కోనసీమలో గునపం నాలుగు దెబ్బలు వేస్తే నీళ్ళు ఊరతాయి. రాయి కావాలంటే గోదారి దాటి లారీ రావాలి. అలాంటి చోట గనుల చదువు! "గట్టున కూచుని ఈత నేర్పుతున్నారర్రా" అని ఊళ్ళో ఒకటే వేళాకోళం.

పిల్లలకి గని ఎలా ఉంటుందో చూపించాలంటే కిందకి తవ్వే వీల్లేదు. అందుకని నేల మీదే ఇటికలతో సొరంగం కట్టి, పైన కాలవ పూడికమట్టి పోసేరు. లోపల కప్పుకి దుంగల ఊతాలు, చిన్న పట్టాలు, పట్టాల మీద ఒక తొట్టి బండి, గోడ వెంబడి చివరిదాకా ఇనప గొట్టం. జనం దానికి ఉత్తుత్తి గని అని పేరు పెట్టేసేరు.

ఆ గనిలో పాఠాలు చెప్పే కుర్ర మేస్టారు సూర్యప్రకాష్. కొత్తపేట వాడు. మనిషి మంచివాడే గాని మాట కరుకు. పిల్లలకి అతనంటే హడలు. ఒక్క జాషువాకి మాత్రం భయం లేదు.

జాషువా ఇల్లు కాలేజీ గోడ వెనక పేటలోనే. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి ఎలీసమ్మ గారు అంగన్‌వాడీ టీచరుగా చేస్తూ వాణ్ణీ, చెల్లెలు షైనీనీ పెంచుకొచ్చేరు. మిగతా పిల్లలు వేరే బ్రాంచిలో సీటు రాక ఇందులో చేరితే, వీడు కోరి చేరేడు. సొరంగంలోకి వెళ్ళేడంటే బయటికి రమ్మని బతిమాలాలి. పగలు విన్న పాఠం రాత్రి అన్నం దగ్గర తల్లికి అప్పజెప్పాల్సిందే. ఆవిడ వింటూ, "గనుల సంగతి తరవాతరా నాయనా, ముందు ఆ అన్నం తవ్వు" అనేవారు.

మేస్టారు నేర్పిన పాఠాల్లో ఒకటుంది. కప్పు కూలి దారి మూసుకుపోతే, లోపల చిక్కుకున్నవాడు గొట్టం మీదో రాతి మీదో ఆగి ఆగి కొట్టాలి. బయటివాడు విని జవాబు కొట్టాలి. ఆ జవాబు వినబడినంతసేపూ లోపలివాడు ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంటాడు. అందుకని బయటివాడు చచ్చినా మానకూడదు. ఉత్తుత్తి గనిలో దాన్ని ఆటలా ఆడించేవాడు. లోపల చిక్కుకునేది ఎప్పుడూ జాషువాయే.

ఆఖరి ఏడు వాణ్ణి ట్రైనింగుకి పంపేరు. ఈసారి నిజం గని. ఎక్కడో గోదారి ఎగువన, బొగ్గు గని. వెళ్ళిన నెల తిరక్కుండానే… కప్పు కూలింది.

కబురు తెలిసి సూర్యప్రకాష్ పరుగున వెళ్ళేడు. పెట్టెతో తిరిగొచ్చేడు. మేకులు కొట్టేసిన పెట్టె. "ఒక్కసారి మా అన్నయ్య మొహం చూడనివ్వండి సార్" అని షైనీ కాళ్ళ మీద పడితే, వద్దమ్మా వద్దమ్మా అని పెద్దలందరూ పట్టుకుని ఆపేరు. ఎలీసమ్మ గారు ఆ మాట అడగను కూడా లేదు. మేస్టారి వంకే చూస్తూ కూచున్నారు.

"ఒక్క దెబ్బకేనమ్మా," అన్నాడు సూర్యప్రకాష్. "వాడికి తెలియను కూడా తెలీదు."

ఆవిడ తల ఊపేరు. ఏడవలేదు. సమాధుల తోటలో పాటలు పాడుతున్నప్పుడూ ఏడవలేదు, చుట్టాలందరూ వెళ్ళిపోయేకా ఏడవలేదు. కన్నతల్లి కంట్లో తడి లేదేవిటని అమ్మలక్కలు చెవులు కొరుక్కున్నారు. లోకం నోటికి తాళం ఎవరు వెయ్యగలరు చెప్పండి! షైనీ మాత్రం కనబడినవాళ్ళందరితోనూ ఒకటే మొర — "మా అమ్మ ఏడిస్తే బతుకుతుందండి. ఇలాగే ఉంటే నాకు దక్కదండి."

అదిగో, ఆ తరవాతే దిబ్బలో చప్పుడు మొదలయ్యింది.

పిల్లలు ఆ బ్రాంచిలో చేరడం మానేసేరు. కాలేజీవాళ్ళు ఇంక లాభం లేదని మైనింగు ఎత్తేసి, దిబ్బ చదును చేసి బస్సులు పెట్టుకుందామనుకున్నారు. జేసీబీ వచ్చింది. రేపు పని మొదలనగా, దాని డ్రైవరు సాయంత్రం ఓసారి చూసొద్దామని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చేడు.

"లోపల మనిషున్నాడు సార్! నేను ముట్టుకోను!"

"నేను చెబితే తాగి వాగుతున్నానన్నారు కదండి," అన్నాడు వాచ్‌మన్ అంజిబాబు, కొంచెం సంబరంగానే.

సూర్యప్రకాష్‌కి ఒళ్ళు మండింది. "దెయ్యం లేదు, గియ్యం లేదు. ఎవడో గొట్టం కోసుకుపోదామని చూస్తున్నాడు. పద, నేను చూస్తాను."

పైకి అలా అన్నాడు గాని… పెట్టె తెచ్చిన రోజు నుంచీ అతను ఆ సొరంగంలో అడుగు పెట్టలేదు. గొట్టం మీద చప్పుడు అన్న మాట వింటేనే అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలీదు. అతనూ చెప్పలేదు.

ముసురు పట్టిన రాత్రి. కరెంటు పోయింది. ఎటు చూసినా కప్పల బెకబెకలే.

గని ఇనప తలుపు ఓరగా తీసి ఉంది.

"నేనిక్కడ కాపలా ఉంటానండి," అని గుసగుసలాడేడు అంజిబాబు. "ఆయ్… లోపలికి తమరెళ్ళండి."

సూర్యప్రకాష్ తల వంచి దూరేడు. తడిమట్టి వాసన, పుచ్చిన కర్ర వాసన. టార్చి వెలుగు ఒక దుంగ మీదనుంచి ఇంకో దుంగ మీదకి పాకింది. తొట్టి బండి తుప్పు పట్టి ఒరిగిపోయి ఉంది. అడుగు తీసి అడుగు వేసేడు…

అప్పుడు వినబడింది.

టంగ్…

సన్నగా. ఎక్కడో చాలా లోతులోంచి వచ్చినట్టు. కాని ఆ సొరంగానికి లోతెక్కడిది? మలుపు తిరిగితే చివర గోడ. గోడవతల కొబ్బరితోట.

అక్కడే నిలబడిపోయేడు.

టంగ్!

ఇది దగ్గర్లో. గట్టిగా. మలుపుకి అవతలే.

"ఎ… ఎవరది?"

వెనక్కి పోదామంటే కాళ్ళు రావు, ముందుకి పోదామంటే మనసు రాదు. దేవుడి మీద భారం వేసి, గోడ పట్టుకుని మలుపు తిరిగేడు.

గొట్టం పక్కన… గోడకి ఆనుకుని… తెల్లగా ఏదో కూచుని ఉంది.

టార్చి జారి కిందపడింది.

"నేనే సార్," అంది ఆ ఆకారం మెల్లగా. "భయపడకండి. ఎలీసమ్మనండి."

హమ్మయ్య! దెయ్యమూ కాదు, భూతమూ కాదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి. చేతిలో ఒక ఇనప కడ్డీ. సూర్యప్రకాష్ ఆవిడ పక్కనే కూలబడ్డాడు. భయం పోయిన చోట సిగ్గేసింది. ఆ వెనకాలే దుఃఖం ముంచుకొచ్చింది.

"ఇదేం పనమ్మా… ఈ చీకట్లో, పురుగూ పుట్రా తిరిగే చోట…"

"జవాబు కొట్టాలి కదండి. చచ్చినా మానకూడదని మీరే చెప్పేరట."

అతను కిందపడ్డ టార్చి తడిమి తీసేడు.

"ఒక్క దెబ్బకే పోయేడన్నారు మీరు," అన్నారావిడ. "పెద్ద చదువులు చదివిన మనిషి, మాట తీసెయ్యకూడదని తలూపేను. నమ్మలేదు సార్. నా కొడుకు కొట్టే ఉంటాడు. కొట్టి కొట్టి ఉంటాడు. అవతల ఎవరైనా పలికేరా… లేదా? అదొక్కటే నాకు తేలటం లేదండి."

పైనుంచి నీటిచుక్కలు పడుతున్నాయి.

"పలికేనమ్మా," అన్నాడు సూర్యప్రకాష్.

"మీరా?"

"నేనే. రాత్రంతా కొట్టేడు. రాళ్ళు తీసేవాళ్ళు తీస్తూనే ఉన్నారు, పైనుంచి పడేవి పడుతూనే ఉన్నాయి. గొట్టం దగ్గర నేను కూచున్నాను. నేను కొట్టే వరస వాడికి తెలుసు కదా… వినగానే వాడి దెబ్బ మారిపోయింది. నన్ను పోల్చుకున్నాడమ్మా. తరవాత్తరవాత నీరసపడిపోయింది. తెల్లారేటప్పటికి… ఆగిపోయింది. ఆగిపోయేకా నేను మానలేదు. వాళ్ళే వచ్చి నా చేతిలో గునపం లాక్కున్నారు. మీకు చెబితే తట్టుకోలేరని…"

పసిపిల్లాడిలా భోరుమన్నాడు. ఎలీసమ్మ గారు అతని తల మీద చెయ్యి వేసేరు.

"అయితే నా బిడ్డ ఒంటరిగా లేడన్న మాట. ఆ ఒక్క ముక్క ఇన్నాళ్ళూ కడుపులో దాచేసుకున్నావా బాబూ…"

అప్పుడు కూడా ఆవిడ ఏడవలేదండి.

కాసేపటికి సూర్యప్రకాష్ కళ్ళు తుడుచుకుని లేచేడు. "పదండమ్మా, ఇంటి దగ్గర దింపుతాను. ఇంక ఇలా రాకండి. మీరు కొట్టే చప్పుడికి ఊరు ఊరంతా జడుసుకుంటోంది."

ఆవిడ కదల్లేదు. తలెత్తి చూసేరు.

"నేను జవాబే కొడతానండి సార్," అన్నారు. "ముందు కొట్టేది నేను కాదు."

బయట కప్పలు ఎందుకో ఊరుకున్నాయి.

టంగ్…

గోడవైపు నుంచి. గొట్టం చివర్నుంచి. ఆ చివర సిమెంటుతో మూసింది సూర్యప్రకాషే, దాని వెనక మట్టి తప్ప ఏమీ లేదు. గొట్టం మీద అరచెయ్యి వేసేడు. గొట్టం ఇంకా జలదరిస్తోంది.

టంగ్… టంగ్…

ఆ వరస అతనికి తెలుసు. లోకంలో ఇంకెవరూ అలా కొట్టరు.

"విన్నారా?" అన్నారు ఎలీసమ్మ గారు, పక్కగదిలోంచి పిల్లాడు పిలిస్తే అన్నంత మామూలుగా. "సార్… ఆట ఆఖర్న మీరు గొలుసుకట్టుగా కొట్టేవారట కదా. ఇంక చాలు, వచ్చెయ్యమని. అది వినబడేదాకా లోపలివాడు చోటు కదలకూడదట. అక్కడ కొట్టేరా అది?"

"ఎలా కొట్టనమ్మా? వాడికి రావడానికి దారే లేదు కదా…"

"అందుకే వాడింకా కూచునే ఉన్నాడు."

కడ్డీ అతని చేతికి అందించేరు.

"నేను కొడితే రాడు. అది మేస్టారే కొట్టాలట. మిమ్మల్ని ఎప్పుడో అడగవలసిందండి. అడిగితే మీరు కొడతారు… కొడితే వాడు వెళ్ళిపోతాడు. అందుకని నోరు మెదపలేదు." ఆవిడ గొట్టాన్ని ఒకసారి నిమిరేరు. "రేపు దీన్ని తవ్వేస్తారట. ఈ మట్టి కూడా వాడి మీద పడనివ్వను. పంపించెయ్యి బాబూ."

సూర్యప్రకాష్ కడ్డీ పుచ్చుకున్నాడు. కొట్టేడు. ఎడం లేకుండా, క్లాసులో కొట్టినట్టే — టంగ్ టంగ్ టంగ్ టంగ్ టంగ్…

"అయిపోయిందిరా జాషువా," అన్నాడు గొట్టానికి నోరు ఆన్చి. "వచ్చెయ్ నాన్నా."

గోడవైపు నుంచి ఒక గాలి విసురుగా లేచి, వాళ్ళిద్దరి మధ్యనుంచి గుమ్మం వైపు పోయింది. గాలినిండా బొగ్గు వాసన. ఆ సొరంగం కట్టిన దగ్గర్నుంచీ అందులోకి చారెడు బొగ్గయినా రాలేదండి.

ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

ఎలీసమ్మ గారు చెయ్యి చాపి కడ్డీ తీసుకున్నారు. గొట్టం మీద ఒక్కటి కొట్టి, చెవి ఆన్చి విన్నారు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టేరు. "జాషువా…" అన్నారు. ఇంకోసారి కొట్టేరు. "ఒరేయ్ నాన్నా… అమ్మనిరా…"

గొట్టం చల్లగా ఊరుకుంది.

అప్పుడు పెట్టేరండి ఆవిడ శోకం! గోడకి తలేసి కొట్టుకుంటూ, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ, ఇన్నాళ్ళదీ ఒక్కసారి కట్ట తెగినట్టు. సూర్యప్రకాష్ ఆవిడ నుదుటికీ గోడకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టేడు గాని, ఏడవొద్దని అనలేదు.

గుమ్మం దగ్గర అంజిబాబు ఆ కేక విని, దెయ్యమే తిరగబడిందనుకుని కాలవ దాకా ఆగకుండా పరిగెత్తేడు. గోడ వెనక పేటలో ఇళ్ళవాళ్ళందరూ తలుపులు బిడాయించుకున్నారు. ఒక్క షైనీ మాత్రం అన్నం వారుస్తున్న గిన్నె కింద పెట్టేసి, చెవులు రిక్కించి విన్నదట. వింటూ వింటూ వానలోకి వచ్చి మోకాళ్ళ మీద కూలబడిపోయిందట.

"స్తోత్రం తండ్రీ," అందట. "మా అమ్మ ఏడుస్తోంది."